ఆవుతోలు లాంటి తివాచీ ఇంట్లోనే: ఫర్ బట్టతో, రెండు వేల లోపు

నకిలీ ఆవుతోలును పట్టించేవి మూడే: అంచు, బొచ్చు వాలు, మచ్చల సరిహద్దు. ఈ మూడూ కుదిరితే మీటరు మూడొందల ఫర్ బట్ట కూడా హాల్లో దర్జాగా ఉంటుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన బట్ట తెచ్చినా బాత్రూం ముందు వేసే పట్టాలా కనిపిస్తుంది. అందుకే ఇక్కడ బట్ట కొనడం గురించి కొంచెం, కోయడం, రంగు వేయడం, అంచు తీర్చడం గురించి ఎక్కువగా చెబుతున్నాం.

చేయబోయేది సుమారు 180 సెంటీమీటర్ల పొడవు, కాళ్ళ దగ్గర 135 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తివాచీ. అసలు ఎద్దుతోలు ఇంతకంటే పెద్దది, దాదాపు 6 అడుగులకు 7 అడుగులు ఉంటుంది. కానీ బెంగళూరు టూ బీహెచ్‌కే హాల్లో సోఫా, టీపాయ్ పోగా మిగిలే నేలకు మన కొలత చాలు. పైగా ఒక్క పన్నాలో (బట్ట వెడల్పులో), అతుకు లేకుండా తెగుతుంది.

బట్ట, మిగతా సరుకు

ఫర్ బట్ట పన్నా సాధారణంగా 58 నుంచి 60 అంగుళాలు, అంటే సుమారు 150 సెంటీమీటర్లు. 2 మీటర్లు తీసుకోండి. దుకాణంలో కొలిచేది మీటరుతోనా గజంతోనా అని ముందే అడగండి. రెండు గజాలంటే 183 సెంటీమీటర్లే వస్తుంది, నమూనాకు అటూ ఇటూ జరుపుకోవడానికి చోటుండదు.

ఆవు వెంట్రుక పొట్టిది. కాబట్టి బొచ్చు 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఉన్న బట్టే కావాలి. టెడ్డీ బేర్లు కుట్టే బట్ట చాలావరకు ఈ కొలతలోనే ఉంటుంది. 40 మిల్లీమీటర్ల పొడవాటి బొచ్చు గొర్రెతోలుకు బాగుంటుంది కానీ దాని మీద మచ్చలు వేస్తే చెదిరిపోయి మురికిలా కనిపిస్తాయి. రంగు తెల్లటి తెలుపు వద్దు, మీగడ రంగు తీసుకోండి. ట్యూబ్‌లైట్ కింద పాల తెలుపు నీలంగా మెరిసి ప్లాస్టిక్ అని చెప్పేస్తుంది.

బెంగళూరు చిక్‌పేట బట్టల దుకాణాల్లో బట్ట తాను విప్పించి చూడకుండా కొనొద్దు. మూడు పరీక్షలు అక్కడే చేయండి. బట్టను వేలి మీద మడిచి చూస్తే బొచ్చు విడిపోయి అడుగు అల్లిక తెల్లగా కనిపిస్తే దట్టం చాలదు, ఆరు నెలల్లో నడిచే చోట బట్టతల పడుతుంది. చిటికెడు బొచ్చు పట్టి గట్టిగా లాగితే రెండు మూడు పోగులు రావడం మామూలే. కుచ్చులా ఊడొస్తే ఆ తాను వదిలేయండి. చివరగా వెనకవైపు అడ్డంగా సాగదీయండి. ఫర్ బట్ట అల్లిక బట్ట కాబట్టి కొంత సాగుతుంది, కానీ చేతి వెడల్పున్న ముక్క రెండు వేళ్ళకు మించి సాగితే తివాచీకి పనికిరాదు, కాళ్ళు వంకర్లు పోతాయి. మీటరుకు సుమారు 250 నుంచి 500 రూపాయల మధ్య దొరుకుతుంది. కట్ పీస్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి, 2 మీటర్ల ముక్కలు తరచూ మిగులుతుంటాయి. పనిలో పనిగా తాను మధ్యలో ఉండే అట్టగొట్టం కూడా ఒకటి అడిగి తెచ్చుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకా తక్కువలో కావాలంటే మచ్చలూ పువ్వులూ లేని ఒంటిరంగు మింక్ దుప్పటి ఉంది. సింగిల్ సైజు 60 అంగుళాలకు 90 అంగుళాలు ఉంటుంది కనుక సరిగ్గా సరిపోతుంది. ఒక ఇబ్బంది: చాలా మింక్ దుప్పట్లకు రెండు వైపులా నూగు ఉంటుంది. వెనకవైపు గమ్ రాస్తే అది నూగును మాత్రమే పట్టుకుని, నాలుగు రోజులకు పొరలా లేచిపోతుంది. కాబట్టి దుప్పటి వాడితే అడుగు పొరను కుట్టాల్సిందే, అతికించడం కుదరదు.

మిగతావి జేసీ రోడ్డులో సీట్ కవర్లు కుట్టే దుకాణాల వైపు దొరుకుతాయి: అడుగు పొరకు 2 లేదా 3 మిల్లీమీటర్ల మందం ఫెల్ట్ (పోగులు నొక్కి చేసిన మందపాటి బట్ట) 2 మీటర్లు, ఎస్‌ఆర్ 998 రకం సింథటిక్ రబ్బరు గమ్ 200 మిల్లీలీటర్లు, నేల మీద జారకుండా వేసే రబ్బరు జాలీ. స్టేషనరీ దుకాణంలో: గోధుమరంగు, నలుపు యాక్రిలిక్ రంగులు చెరో 100 మిల్లీలీటర్లు, ఫ్యాబ్రిక్ మీడియం (యాక్రిలిక్ రంగు బట్టకు పట్టేలా కలిపే ద్రవం) 200 మిల్లీలీటర్లు, ముక్కలుగా విరిచే బ్లేడున్న కట్టర్, దర్జీ సుద్ద, బ్రౌన్ పేపర్. ఇంట్లో ఉన్నవి: పాత టూత్‌బ్రష్‌లు, సన్న పళ్ళ ఇనుప దువ్వెన, గడ్డం ట్రిమ్మర్, చపాతీ కర్ర. బట్టకు 500 నుంచి 1,000, మిగతా సరుకుకు 800 నుంచి 1,000 రూపాయలు వేసుకోండి.

తెల్ల ఫెవికాల్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అది ఎండాక అట్టలా బిగుసుకుంటుంది, తివాచీ చుట్టినప్పుడల్లా పగులుతుంది, తడి తగిలితే మెత్తబడుతుంది. తడిగుడ్డతో రోజూ నేల తుడిచే ఇళ్ళలో అది నిలవదు.

నమూనా

బ్రౌన్ పేపర్లను అతికించి 190 సెంటీమీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు షీటు చేసుకోండి. పొడవాటి అంచు ఒకటి వెన్నెముక గీత అనుకోండి. మెడ దగ్గర సున్నా పెట్టి, తోక వైపు కొలుస్తూ, ఆ గీత నుంచి బయటికి ఈ చుక్కలు పెట్టండి. మొదటి అంకె మెడ నుంచి దూరం, రెండోది వెన్ను నుంచి వెడల్పు, అన్నీ సెంటీమీటర్లలో:

0 దగ్గర 17 (మెడ)
18 దగ్గర 20
22 దగ్గర 66 (ముందుకాలు పై మూల)
38 దగ్గర 68 (ముందుకాలు కింది మూల)
52 దగ్గర 43 (చంక)
80 దగ్గర 49 (పొట్ట)
110 దగ్గర 50
130 దగ్గర 44 (డొక్క)
146 దగ్గర 68 (వెనకకాలు పై మూల)
164 దగ్గర 66 (వెనకకాలు కింది మూల)
172 దగ్గర 24
180 దగ్గర 5 (తోక మొదలు)

చుక్కల్ని స్కేలుతో కలపొద్దు. చేత్తో, చిన్న చిన్న ఒంపులతో కలపండి. కాలి చివర మూలలు గుండ్రంగా తిప్పండి. చంకలో, డొక్కలో లోపలికి పోయే ఒంపు కనీసం టీ గ్లాసు మూతంత వెడల్పు ఉండాలి. కోసుగా చేస్తే సరిగ్గా అక్కడే బట్ట చిరుగుతుంది. పొట్ట దగ్గర ఉబ్బు మాత్రం వదిలేయకండి. చాలామంది నాలుగు కాళ్ళూ గీసి మధ్యలో నడుము సన్నం చేస్తారు, అప్పుడది ఆవుతోలు కాదు, పులితోలు బొమ్మ అవుతుంది.

ఈ సగం నమూనాను బట్ట మీద ఒకసారి గీసి, వెన్ను గీత మీద తిప్పి రెండోసారి గీస్తే పూర్తి ఆకారం వస్తుంది. రెండు పక్కలా అచ్చు గుద్దినట్టు ఉంటే మాత్రం యంత్రం కోసిందని తెలిసిపోతుంది. కాబట్టి రెండో సగం గీసేటప్పుడు ఒక కాలును 2 సెంటీమీటర్లు వెనక్కి, పొట్టను 1 సెంటీమీటరు లోపలికి జరపండి. తోక పెట్టకపోవడమే మంచిది, కాలికి తగులుకోవడం తప్ప ప్రయోజనం లేదు.

వాలు చూడటం, కోయడం

బట్టను మడత విప్పి ఒక రాత్రి నేల మీద పరిచి ఉంచండి. మడత గీతలు పోకపోతే వెనకవైపు నుంచి ఆవిరి పట్టండి. ఇస్త్రీ పెట్టె బొచ్చు మీద ఆనితే పాలిస్టరైనా యాక్రిలికైనా క్షణంలో కరిగి నిగనిగలాడే మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక పోదు.

ఇప్పుడు బొచ్చు మీద అరచేయి జరపండి. ఒకవైపు నున్నగా పడుకుంటుంది, ఎదురుగా జరిపితే లేస్తుంది. నున్నగా పడుకునే దిక్కు మెడ నుంచి తోకకు ఉండాలి. బట్టను తిరగేసి, వెనకవైపు సుద్దతో పెద్ద బాణం గుర్తు వేసుకోండి. బోర్లా వేశాక వాలు కనబడదు, ఈ గుర్తు లేకపోతే తలా తోకా తారుమారవుతాయి. అసలు తోలులో వెంట్రుక వెన్ను నుంచి పక్కలకు, వెనక్కి ఏటవాలుగా పారుతుంది. అంత నిజంగా కావాలంటే 4 మీటర్ల బట్ట కొని, రెండు సగాలను విడివిడిగా, వాలు బయటికి 15 డిగ్రీలు తిరిగేలా కోసి వెన్ను మీద కలిపి కుట్టాలి. అతుకు పాపిడిలా కలిసిపోతుంది, చూడ్డానికి నిజంగా బాగుంటుంది, ఖర్చు మాత్రం రెట్టింపు. మొదటిసారికి అక్కర్లేదు.

గీతలు దర్జీ సుద్దతోనో పెన్సిల్‌తోనో గీయండి. స్కెచ్ పెన్ వద్దు. తర్వాత రాసే గమ్‌లోని ద్రావకం ఆ సిరాను కరిగించి, అల్లిక సందుల్లోంచి పైకి తెచ్చి మీగడ బొచ్చు మీద నీలి చారలు పెడుతుంది.

కోత ఎప్పుడూ వెనకవైపు నుంచే, కట్టర్‌తోనే. కత్తెరతో కోస్తే అల్లికతో పాటు బొచ్చు కూడా తెగి, అంచు క్రాఫు కొట్టినట్టు మొద్దుగా నిలబడుతుంది. నకిలీ అని మొదట చెప్పేది ఆ అంచే. బ్లేడును 3 మిల్లీమీటర్లకు మించి బయటికి తీయకండి. ఎడమ చేత్తో బట్టను నేల నుంచి రెండు వేళ్ళెత్తు పైకి లేపి పట్టుకుని, ఒక్కసారికి ఒక జానెడు మేర అల్లిక మాత్రమే చీల్చుకుంటూ పోండి. సరిగ్గా తెగితే రెండు ముక్కలూ లాగినప్పుడు బొచ్చు దువ్వినట్టు విడిపోతుంది. చీలడానికి బలం కావలసి వస్తోందంటే బ్లేడు మొద్దుబారింది, ముక్క విరిచేయండి. మొత్తం చుట్టుకొలత సుమారు 6.5 మీటర్లు, దారిలో మూడు నాలుగు ముక్కలు విరవాల్సి వస్తుంది, కక్కుర్తి పడొద్దు.

కోశాక బొచ్చు రాలుతుంది. బాల్కనీలో దులిపితే కింది ఇంటివాళ్ళ బట్టల మీద పడి గొడవ. పెద్ద ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి బాగా ఊపండి, తర్వాత వ్యాక్యూమ్ పెట్టండి. వెంటనే వెనకవైపు అంచు వెంబడి 1 సెంటీమీటరు మేర గమ్‌ను పల్చగా, పాత ఏటీఎం కార్డుతో గీరినట్టు రాయండి. అంచు పోగులు ఊడకుండా ఇదే ఆపుతుంది. చిక్కగా రాస్తే అల్లికలోంచి ఇంకి బొచ్చు మొదళ్ళు గడ్డకడతాయి.

మచ్చలు

ఏ ఆవును చేస్తున్నారో ముందే తేల్చుకోండి, లేకపోతే మచ్చలు తోచినట్టు పడి చొక్కా బట్ట డిజైన్ అవుతుంది. నలుపు తెలుపు కావాలంటే హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవు: మచ్చలు పెద్దవి, తక్కువ, సరిహద్దు స్పష్టం, కాళ్ళూ పొట్ట అడుగూ తెలుపు. కర్ణాటకలో బీదర్ వైపు కనిపించే దేవని పశువుల్లోనూ తెలుపు మీద నల్లమచ్చలు ఉంటాయి, వాటి పద్ధతి అడ్డదిడ్డం. ఎరుపు గోధుమ కావాలంటే గిర్ జాతి ఆవు. అన్నిటికంటే సులువు మన ఒంగోలు: మచ్చలే లేవు, తెలుపు, గిత్తకైతే మెడ, మూపురం దగ్గర బూడిద రంగు ముదురుతుంది. మెడ నుంచి 50 సెంటీమీటర్ల వరకు పల్చటి బూడిద నీడ వేసి వదిలేస్తే చాలు, రంగు పని గంటలో అయిపోతుంది. ఆవు పేరెత్తితేనే కాళ్ళ కింద వేయడమేంటని ఇంట్లో పెద్దవాళ్ళు గయ్‌మంటారనుకుంటే అసలు రంగే వేయకండి, గొర్రె అని చెప్పొచ్చు.

బజార్లో బట్టలకు వేసే మామూలు రంగుపొడి ఈ బొచ్చుకు పట్టదు. అది నూలు పోగుకు పట్టే రంగు. పాలిస్టర్, యాక్రిలిక్ పోగులకు వేరే రంగులు, మరిగే వేడి కావాలి, ఆ వేడికి బొచ్చు ముడుచుకుపోతుంది. కాబట్టి పోగు లోపలికి ఎక్కించే ఆలోచన మాని, పోగు పైన పల్చటి పూతగా వేయాలి. ఒక వంతు యాక్రిలిక్ రంగు, ఒక వంతు ఫ్యాబ్రిక్ మీడియం, ఒక వంతు నీళ్ళు కలపండి. గరిట నుంచి మజ్జిగలా జారాలి. నలుపును నేరుగా వాడకండి, నాలుగో వంతు గోధుమ కలపండి. ఒట్టి నలుపు ట్యూబ్‌లైట్ కింద బూట్ పాలిష్ రంగు కొడుతుంది. ఇలా కలిపితే దాదాపు 600 మిల్లీలీటర్లు వస్తుంది, తివాచీలో మూడో వంతు మేర మచ్చలకు అది సరిపోతుంది.

కింద ప్లాస్టిక్ షీటు పరిచి, బట్టను బొచ్చు పైకి వేయండి. మచ్చల ఆకారం సుద్దతో తేలిగ్గా గీసుకోండి. ఒక మచ్చ పొట్ట అంచు దాటి బయటికి పోయినట్టు, ఒకటి వెన్ను మీద రెండు పక్కలకూ దిగినట్టు ఉండాలి. అన్ని మచ్చలూ బట్ట లోపలే, పూర్తి గుండ్రంగా ఉంటే అచ్చు వేసినట్టే ఉంటుంది. వెడల్పు బ్రష్‌తో మచ్చ మధ్య నుంచి మొదలుపెట్టి వాలు వెంట రాయండి. రంగు బొచ్చులో పై రెండొంతులే తడపాలి, అల్లిక దాకా దిగకూడదు. బ్రష్‌ను గిన్నె అంచుకు రెండుసార్లు నొక్కి పిండితే ఆ మోతాదు వస్తుంది.

అసలు పని రాసిన తర్వాత మొదలవుతుంది. అరచేయంత మేర రాయగానే టూత్‌బ్రష్‌తో వాలు వెంట దువ్వాలి. అయిదారు నిమిషాలకోసారి, తడి ఆరేదాకా, ఇనుప దువ్వెనతో మళ్ళీ మళ్ళీ దువ్వుతూ ఉండాలి. పావుగంట వదిలేస్తే పోగులు పదేసి పదేసి కలిసి ముళ్ళలా గట్టిపడతాయి. అప్పటికే అలా అయితే పూర్తిగా ఆరనిచ్చి, చివర్ల నుంచి మొదలుకు కొంచెం కొంచెంగా దువ్వెనతో విడదీయండి. అయినా విడనివాటిని ట్రిమ్మర్‌తో కొట్టేయండి. కాబట్టి ఒక్కరే చేస్తుంటే ఒకేసారి ఒక మచ్చ, అంతే. ఇద్దరుంటే ఒకరు రాయడం, ఒకరు దువ్వడం.

సరిహద్దు దగ్గర బ్రష్ ఆపేయండి. దాదాపు ఎండిన టూత్‌బ్రష్‌తో ముదురు రంగును తెలుపు వైపు 1 సెంటీమీటరు మేర గీరినట్టు లాగండి. విడివిడి నల్ల వెంట్రుకలు తెలుపులోకి చొచ్చుకెళ్ళినట్టు కనబడాలి. మచ్చ మెడవైపు అంచులో తెల్లబొచ్చు నలుపు మీదికి వాలుతుంది, తోకవైపు అంచులో నల్లబొచ్చు తెలుపు మీదికి వాలుతుంది. ఈ తేడాను అలాగే ఉంచండి, సరిచేయబోకండి. నిజమైన తోలు మీదా ఇలాగే ఉంటుంది.

ఎండాకాలంలో ఒక రోజు, వానాకాలంలో రెండు రోజులు ఆరబెట్టండి. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి ఆడిస్తూ పట్టండి. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే మరో మూడు రోజులు ఆగండి. తొందరపడి పరిస్తే సోఫా కింద తెల్లటి టైల్స్ మీద, సాక్సుల మీద గోధుమ ముద్రలు పడతాయి.

మచ్చలు రెండో మూడో, అవీ పెద్దవి అయితే రంగు బదులు అతుకు పద్ధతి ఉంది. అరమీటరు నల్ల ఫర్ బట్ట తెచ్చి, తెల్లబట్టలో మచ్చ ఆకారం వెనక నుంచి కోసి తీసేసి, అదే ఆకారం నల్లముక్కను అందులో కూర్చి కుట్టాలి. రెండు బట్టల వాలూ ఒకే దిక్కున ఉండాలి. వెనకవైపు అంచు అంచు ఆనించి, 3 మిల్లీమీటర్ల ఎడంతో చుట్టుకుట్టు వేయండి, బొచ్చును వేలితో ముందువైపుకు తోసుకుంటూ. అయ్యాక ముందు నుంచి సూదిమొనతో కుట్టులో ఇరుక్కున్న వెంట్రుకలను ఒక్కొక్కటే పైకి తీసి దువ్వితే అతుకు మాయమవుతుంది. చెయ్యి నొప్పి పుడుతుంది, నిజమే. కానీ బొచ్చు అంతటా ఒకే మెత్తదనం ఉంటుంది, రంగు పోతుందన్న బెంగ ఉండదు. ఓపిక ఉన్నవాళ్ళకు ఇదే మేలు.

అంచు పల్చన చేయడం, అడుగు పొర

అసలు తోలు అంచు దగ్గర, ముఖ్యంగా కాళ్ళ చివర, వెంట్రుక పొట్టిగా ఉంటుంది. ట్రిమ్మర్‌కు 6 మిల్లీమీటర్ల గార్డు పెట్టి కాళ్ళ చివరి 10 సెంటీమీటర్లు, 3 మిల్లీమీటర్ల గార్డుతో చిట్టచివరి 2 సెంటీమీటర్లు వాలు వెంట కొట్టండి. పొట్ట అంచు జోలికి పోవద్దు, అక్కడ పొడుగ్గానే ఉండాలి.

ఫెల్ట్‌ను ఇదే నమూనాతో, కానీ చుట్టూ 1.5 సెంటీమీటర్లు లోపలికి కోయండి. సమంగా కోస్తే పక్క నుంచి రెండు పొరలూ కనబడి డోర్‌మ్యాట్ అని తెలిసిపోతుంది. అంచుకు పైపింగ్, లేసు, మడతకుట్టు ఏదీ వద్దు.

మొత్తం ఫెల్ట్‌కు గమ్ రాయకండి. ఖర్చు సంగతి అటుంచి, తివాచీ చెక్కలా బిగిసి చుట్టడానికి రాదు. అంచు చుట్టూ 5 సెంటీమీటర్ల పట్టీ, వెన్ను వెంట ఒక పట్టీ చాలు. రెండు పొరలకూ పల్చగా రాసి, వేలికి అంటకుండా ఆరేదాకా 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి. తడిగా ఉండగా కలిపితే ద్రావకం లోపల ఇరుక్కుని పట్టు రాదు. జడివాన రోజున ఈ పని పెట్టుకోకండి. ద్రావకం ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద సన్నగా పట్టి అతుకు బలం తగ్గుతుంది.

ఈ గమ్ ఒకసారి అంటిందంటే జరపడం కుదరదు. అందుకని ముందు వెన్ను పట్టీ అతికించి, పక్కల మధ్యలో న్యూస్‌పేపర్ షీట్లు పెట్టి, ఒక్కో షీటును కొంచెం కొంచెంగా లాగుతూ బయటికి నొక్కుకుంటూ పోండి. చపాతీ కర్రతో లోపలి నుంచి అంచుకు రుద్దండి. మధ్య భాగంలో జానెడున్నర ఎడంతో బట్ట రంగు దారంతో ఒక్కో టాకా వేస్తే పొరలు జరగవు, పైన బొచ్చులో దారం కనబడదు.

గమ్ పని కిటికీలన్నీ తీసి చేయండి. ఆవిరికి మంట అంటుకుంటుంది, కాబట్టి గ్యాస్ పొయ్యి, అగరువత్తి, దోమల చుట్ట ఏవీ వెలుగుతూ ఉండకూడదు. దుమ్ముకు పెట్టుకునే ఎన్95 మాస్కు ఈ వాసనను ఆపదు. పిల్లల్ని ఆ పూట ఇంకో గదిలో ఉంచండి.

దుప్పటి వాడినవాళ్ళు గమ్ బదులు దబ్బనం, గట్టి దారంతో అంచు నుంచి 2 సెంటీమీటర్ల లోపల ఫెల్ట్‌ను కుట్టేయండి. పై కుట్టు చిన్నది, అడుగు కుట్టు పెద్దది ఉండాలి.

చివరగా తివాచీని బోర్లా వేసి కాళ్ళ మీద బియ్యం బస్తాలో పాత పుస్తకాల కట్టలో పెట్టి రాత్రంతా ఉంచండి. కాళ్ళు పైకి ముడుచుకోవడానికి కారణం అల్లిక బిగువు, గమ్ ఎండుతూ లాగడం. ఒక్క రాత్రి బరువుతో చాలావరకు సర్దుకుంటుంది. తర్వాత కూడా ఒక కాలు లేస్తుంటే ఆ చివర ఫెల్ట్ కింద చిన్న రెగ్జిన్ ముక్క అతికించండి.

విట్రిఫైడ్ టైల్స్ మీద ఫెల్ట్ జారుతుంది. రబ్బరు జాలీని తివాచీ కంటే నాలుగు వేళ్ళు లోపలికి కోసి కింద పరవండి. జాలీ వద్దనుకుంటే ఫెల్ట్ అడుగున సిలికాన్ సీలెంట్‌ను 10 సెంటీమీటర్ల ఎడంతో సన్నటి గీతలుగా పిండి, ఒక రోజు ఆరనివ్వండి. ఇంట్లో వయసు మళ్ళినవాళ్ళుంటే జారకుండా ఈ రెండింట్లో ఒకటి చేయడం ఐచ్ఛికం కాదు, తప్పనిసరి.

గొర్రెతోలు, పులితోలు అడిగేవారికి

కుర్చీ మీద వేసే గొర్రెతోలుకు 40 నుంచి 50 మిల్లీమీటర్ల బొచ్చున్న మీగడ రంగు బట్ట ఒక మీటరు కొంటే 60 సెంటీమీటర్లకు 90 సెంటీమీటర్ల ముక్కలు రెండు వస్తాయి. ఆకారం కోడిగుడ్డు, చుట్టూ ఒంపులు, అంతే. అడుగు పొర ఐచ్ఛికం.

పులిచర్మం, జింకచర్మం ధ్యానాసనానికో, బొమ్మల కొలువులో శివుడికో, స్కూలు నాటకానికో అడుగుతుంటారు. అసలువి ప్రభుత్వ ధ్రువపత్రం లేకుండా ఇంట్లో ఉంచుకోవడం కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. తాతల నాటిదని ఎవరైనా అమ్మజూపినా ముట్టుకోకండి. పులిగోరు లాకెట్ వేసుకున్నందుకు 2023 అక్టోబరులో బెంగళూరులో జరిగిన అరెస్టు చాలామందికి గుర్తుండే ఉంటుంది. చారల ప్లష్ బట్టతో చేసుకుంటే పేచీ లేదు. బట్ట కొన్న బిల్లు మాత్రం దాచుకోండి. చేతిలో ఉన్నది అసలా నకిలీయా అని అనుమానమైతే ఒక్క వెంట్రుక తీసి నిప్పు చూపించండి. సింథటిక్ పోగు కరిగి గట్టి పూసలా అవుతుంది, అసలు వెంట్రుక జుట్టు కాలిన కంపు కొట్టి బూడిదవుతుంది.

వాడుక

ఆ కరిగే గుణం వల్లనే దీన్ని పూజగది గుమ్మం దగ్గర, దీపాల దగ్గర, రూం హీటర్ ముందు వేయకూడదు. వారానికోసారి వ్యాక్యూమ్ పెట్టండి, తిరిగే బ్రష్ తీసేసి, ఒట్టి గొట్టంతో. రోడ్డు పనుల దుమ్ము ఎక్కువున్న ఏరియాల్లో వారానికి రెండుసార్లు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే పడకగదిలో పెట్టొద్దు.

కాఫీ ఒలికితే వెంటనే గుడ్డ అద్ది పీల్చండి, రుద్దకండి. అరలీటరు నీళ్ళలో ఒక చెంచా షాంపూ కలిపి, స్పాంజితో వాలు వెంట తుడిచి, తడి పిండిన గుడ్డతో మళ్ళీ తుడిచి, నీడలో ఆరబెట్టి దువ్వండి. వాషింగ్ మెషీన్లో వేస్తే ఫెల్ట్ ముద్దవుతుంది, రంగు మచ్చలు గట్టిపడతాయి. మేడ మీద మండుటెండలో ఆరేస్తే గమ్ మెత్తబడి అంచు విడిపోతుంది. నేల తుడిచాక పూర్తిగా ఆరేదాకా తివాచీ పరవకండి. వానాకాలంలో ఫెల్ట్ అడుగున తేమ చిక్కి ముక్కవాసన వస్తుంది.

కొన్నాళ్ళు తీసి పెట్టాలంటే మడవొద్దు. దుకాణం నుంచి తెచ్చిన అట్టగొట్టం మీద, బొచ్చు బయటికి వచ్చేలా చుట్టండి. బొచ్చు లోపలికి చుడితే ఫర్ బట్టకు చోటు చాలక ముడతలు పడతాయి, అవి ఆవిరికి కూడా లొంగవు. చుట్టాక పాత నూలు చీర చుట్టి, గోడకు నిలబెట్టకుండా అటక మీద పడుకోబెట్టండి. పాలిథిన్ కవర్లో బిగించకండి.